పెంకు మీది నంబరు

పురావస్తు తవ్వకం ఒక్కసారే జరిగే పని. పొర తరువాత పొర తీసుకుంటూ కిందికి దిగాక, పై పొర ఎలా ఉండేదో మళ్లీ చూడటం ఎవరి తరమూ కాదు. తవ్విన గుంటను పూడ్చేస్తారు, లేదంటే అక్కడ రోడ్డో, భవనమో, జలాశయమో వచ్చేస్తుంది. ఇక ఆ చోటు గురించి లోకానికి మిగిలేవి రెండే: బయటికి తీసిన వస్తువులు, తీస్తున్నప్పుడు రాసుకున్న రాతలు. పత్రికల్లో ఫొటోలు పడేది తవ్వకం సాగుతున్నన్నాళ్లే. అంత శ్రమకు ఫలితం దక్కుతుందా, మట్టిపాలవుతుందా అన్నది ఆ తరువాత ఏళ్ల తరబడి స్టోరు గదుల్లో, రిజిస్టర్లలో, కంప్యూటర్లలో తేలుతుంది.

వస్తువుకూ రాతకూ మధ్య లంకె తెగితే ఏమవుతుందో ఊర్ తవ్వకాల కథ చెబుతుంది. ఇరాక్‌లోని ఆ ప్రాచీన నగరాన్ని లియొనార్డ్ వూలీ 1922 నుంచి 1934 దాకా తవ్వించారు. బ్రిటిష్ మ్యూజియం, ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియం కలిసి ఆ పని చేయించాయి. 1929-30 సీజన్‌లో వూలీ బృందం దాదాపు 15 మీటర్ల లోతుకు దిగింది. అక్కడ వరద మేట వేసిన మందపాటి ఒండ్రులో 48 సమాధులు బయటపడ్డాయి. వాటన్నిటిలో ఒక్క అస్థిపంజరమే పైకి తీయదగ్గ స్థితిలో ఉంది. దాని మీద మైనం పోసి, చుట్టూ ఉన్న మట్టితో సహా గడ్డగా ఎత్తి, పెట్టెలో పెట్టి పంపారు. పెట్టె ఫిలడెల్ఫియా చేరింది. కానీ ఆ పెట్టెకు కేటలాగ్ కార్డు లేదు. సుమారు 6,500 ఏళ్ల నాటి మనిషి ఎముకలు మ్యూజియం నేలమాళిగలో ఎనిమిది దశాబ్దాలపాటు ఎవరివో తెలియకుండా ఉండిపోయాయి. వూలీ రికార్డులను డిజిటైజ్ చేస్తున్నప్పుడు, దొరికినవాటిని మ్యూజియంలు పంచుకున్న జాబితా ఒకటి చేతికొచ్చింది. ఫిలడెల్ఫియా వాటాకు ఒక పళ్లెం వరద మట్టి, రెండు అస్థిపంజరాలు వచ్చినట్టు అందులో ఉంది. మ్యూజియం లెక్కల్లో చూస్తే వాటిలో ఒక అస్థిపంజరం ఆచూకీ లేదు. ఆ జాబితాను, తవ్వకంలో తీసిన ఫొటోలను నేలమాళిగలోని పెట్టెతో పోల్చి చూశాకే 2014లో అదేమిటో తేలింది.

అన్నేళ్లూ ఎముకలు భద్రంగానే ఉన్నాయి, రాతలూ భద్రంగానే ఉన్నాయి. లేనిది వాటిని కలిపే నంబరు. అది లేని కాలమంతా ఆ మనిషి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేకపోయారు. పురావస్తు సంరక్షణ అనగానే గాజు బీరువాలు, కాపలా, తాళాలు గుర్తొస్తాయి గానీ, అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది ఈ లంకెనే.

ఆ నంబరు పుట్టేది తవ్వే గుంటలో, అంటే ట్రెంచ్‌లోనే. మట్టి రంగు మారినా, గట్టిదనం మారినా అది కొత్త పొర అని గుర్తించి దానికో నంబరు ఇస్తారు. గోడకు ఒక నంబరు, గోడ కట్టడానికి తీసిన పునాది కందకానికి ఇంకొకటి, ఆ కందకాన్ని పూడ్చిన మట్టికి మరొకటి. ఒక్కో నంబరుకు ఒక ఫారం ఉంటుంది. మట్టి ఎలా ఉంది, దీనికి పైన ఏ పొర, కింద ఏ పొర, ఎవరు తవ్వారు, ఏ రోజు తవ్వారు, ఏ ఫొటోల్లో, ఏ డ్రాయింగుల్లో కనిపిస్తుంది అన్నవన్నీ అందులో నింపుతారు. 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ రూపొందించిన పటం పద్ధతిలో ఈ నంబర్లన్నిటినీ ఏది ముందు, ఏది తరువాత అన్న వరుసలో పేర్చుతారు. ఒక పొరలో దొరికిన కుండ పెంకులు, ఎముకలు, ఇనుప ముక్కలు అదే నంబరు రాసిన సంచుల్లోకి వెళ్తాయి. సంచి మీది నంబరు చెరిగిపోయిందంటే లోపలి పెంకు ఏ కాలానిదో, ఏ ఇంటిదో, దాని పక్కన ఇంకేం దొరికాయో చెప్పే దారి మూసుకుపోతుంది. పెంకు చూడటానికి అంతకు ముందులాగే ఉంటుంది, చరిత్రకు మాత్రం పనికిరాదు.

అందుకే అనుభవమున్న స్టోరు కీపరు ముందుగా చూసేది చీటీలనే. సంచిలో ఒక చీటీ, సంచి పైన అదే రాత. పైది చెరిగితే లోపలిది ఆదుకుంటుంది, లోపలిది చివికితే పైది. మామూలు కాగితం తడి పెంకుల మధ్య మెత్తబడి ముద్దవుతుంది కాబట్టి నానని, చిరగని టైవెక్ (ప్లాస్టిక్ నారల కాగితం) లాంటి చీటీలు వాడతారు. బాల్‌పెన్ సిరా కొన్నేళ్లకు వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఉన్న నల్ల సిరా నిలుస్తుంది. పెన్సిల్ రాత కూడా నమ్మదగ్గదే. పెంకు మీదే నంబరు వేయాలంటే ముందు పారలాయిడ్ బి72 అనే రెసిన్‌ను పల్చగా పూసి, అది ఆరాక సన్నని కలంతో రాసి, దాని మీద మరో పూత వేస్తారు. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే ఎసిటోన్‌తో తుడిస్తే పోతుంది, పెంకుకు మచ్చ మిగలదు. విరిగిన అంచు మీద మాత్రం రాయరు. రేపు రెండు పెంకులు అతికించాలంటే ఆ అంచులే ఒకదానితో ఒకటి కలవాలి. పెంకులూ ఎముకలూ ఉన్న ప్లాస్టిక్ సంచికి చిన్న రంధ్రాలు పొడుస్తారు, లోపల తేమ నిలిచి బూజు పట్టకుండా. ఇవన్నీ చాదస్తంలా కనిపించే పనులే. వందేళ్ల తరువాత ఆ సంచి విప్పే మనిషికి మాట సాయం చేసేవారు ఎవరూ ఉండరు కాబట్టి ఆ చాదస్తం తప్పదు.

వస్తువును బట్టి దానికి సరిపడే గాలీ మారుతుంది. శతాబ్దాలపాటు మట్టిలో ఉన్న ఇనుము ఉప్పు లవణాలను పీల్చుకుని ఉంటుంది. పైకి తీసి గాలిలో ఉంచితే లోపలి క్లోరైడు తేమతో కలిసి తుప్పును తొందర పెడుతుంది. మేకో కత్తో పగుళ్లు తీసి, పొరలుగా ఊడి, చివరికి ఎర్రటి పొడిగా మారుతుంది. దాన్ని ఆపాలంటే గాలిలో తేమ శాతం (సాపేక్ష ఆర్ద్రత) 15 లోపే ఉండాలి. అంత పొడిదనం గది మొత్తానికి తేవడం కష్టం గనుక గాలి చొరని పాలిథీన్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పెట్టి, తేమ చూపే పట్టీ ఒకటి కనిపించేలా అమర్చుతారు. పట్టీ రంగు మారితే జెల్‌ను వేడి చేసి, ఆరబెట్టి, మళ్లీ వాడతారు. రాగి, కంచు వస్తువులకు వచ్చే జబ్బు వేరు. లేత ఆకుపచ్చ పొడి మచ్చలుగా మొదలై లోహాన్ని తినేస్తుంది. తేమను 35 శాతం లోపు ఉంచితే అది సాధారణంగా అదుపులో ఉంటుంది. కానీ ఎముక పిడి ఉన్న కత్తినీ, దంతపు దువ్వెననీ అంత పొడి గాలిలో పెడితే పగులుతాయి. వాటికి 45 నుంచి 55 శాతం మధ్య, హెచ్చుతగ్గులు లేని తేమ కావాలి. అంటే ఒకే సమాధిలో పక్కపక్కన దొరికినవాటిని ఒకే పెట్టెలో కలిపి ఉంచడానికి లేదు. స్టోరులో వేర్వేరు అరల్లోకి వెళ్లినా అవి ఒక చోటివేనని చెప్పేది మళ్లీ ఆ నంబరే.

దాచే పెట్టె కూడా హాని చేయగలదు. ఓక్ చెక్క బీరువా చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, దాని నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం ఆవిరి సీసపు వస్తువులను తెల్లటి పొడి చేస్తుంది. పీవీసీ షీట్లు కాలక్రమంలో ఆమ్లం విడుస్తాయి. న్యూస్‌ప్రింట్‌లో చుట్టిపెట్టిన పాత సేకరణల్లో ఆ కాగితం ఆమ్లమే వస్తువులకు శత్రువు. మృత సముద్రపు చుట్టల, అంటే ఆ తీరపు గుహల్లో దొరికిన, తోలు మీద రాసిన ప్రాచీన యూదు గ్రంథాల అనుభవం ఇంకా బాధాకరం. 1950లలో వాటి మీద పనిచేసిన పండితులు తునకలను కలపడానికి మామూలు అంటుకునే టేపు వాడారు. ఆ జిగురు తోలులోకి ఇంకి, అంచులు నల్లబడి, అక్షరాలు మసకబారాయి. దాన్ని వదిలించే పని దశాబ్దాలు పట్టింది. ఆ రోజుల్లోనే నజీబ్ అల్బీనా అనే ఫొటోగ్రాఫరు ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని) కాంతితో తీసిన ఫొటోలు ఉండబట్టి, ఇప్పుడు తోలు మీద కనిపించని కొన్ని అక్షరాలను ఫొటోలో చదవగలుగుతున్నారు. వస్తువు చెడినా రికార్డు నిలిచి దాన్ని ఆదుకున్న సందర్భం ఇది.

నీటిలో నానిన చెక్క సంగతి మరీ సున్నితం. నీళ్లలోంచి తీసి ఆరనిస్తే ముడుచుకుపోయి రూపమే మారిపోతుంది. 1628లో మునిగి 1961లో పైకి వచ్చిన స్వీడన్ ఓడ వాసా మీద పాలిథిలిన్ గ్లైకాల్ అనే మైనం లాంటి రసాయనాన్ని 17 ఏళ్లపాటు చిమ్ముతూ వచ్చారు, చెక్కలోని నీటి స్థానంలో అది చేరేలా. అంతా బాగుందనుకున్నారు. 2000లో, వానలు ఎక్కువ పడి సందర్శకులతో మ్యూజియంలో తేమ పెరిగిన ఏడాది, ఓడ చెక్క మీద ఆమ్లపు మరకలు కనిపించాయి. సముద్రం అడుగున చెక్కలో చేరిన గంధకం, తుప్పు పట్టిన మేకుల ఇనుము తోడై, సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతోందని తేలింది. గాలిని అదుపు చేసే కొత్త యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. భద్రపరచడం అయిపోయిందని సంతకం పెట్టి ఫైలు మూసేయగల రోజు ఏ సేకరణకూ రాదు.

ఏది దాచాలి అన్నది దీనికంటే పెద్ద తగువు. వెనకటి తవ్వకాల్లో బంగారం, శిల్పాలు, శాసనాలు ఉంచుకుని మామూలు పెంకులూ జంతువుల ఎముకలూ పారబోసిన సందర్భాలు కోకొల్లలు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఆ అలవాటుకు ఎదురు నిలిచారు. ఈజిప్టులో రాజుల కాలానికి ముందటి సమాధులు తవ్వినప్పుడు తేదీ చెప్పే రాత ఒక్కటీ దొరకలేదు. దాదాపు 900 సమాధుల్లోని కుండల రకాలను ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క చొప్పున రాసుకుని, ఆ అట్టముక్కలను అటూ ఇటూ జరుపుతూ, ఏ రకం ఏ రకంతో కలిసి కనిపిస్తుందో చూసి కాలక్రమం నిర్ణయించారు. 1899లో వెలువడిన ఆ పద్ధతి ఇప్పటికీ పురావస్తు శాస్త్రానికి పునాది. ఎవరికీ పట్టని మట్టి కుండలు, ఏది ఎక్కడ దొరికిందో తప్పు లేకుండా రాసిన అట్టముక్కలు, ఈ రెండే ఆయన పెట్టుబడి.

ఆనాడు పారబోసినవి ఈనాడు ఎంత విలువైనవో ఆ తరువాతి విజ్ఞానం చూపింది. 1949లో బొగ్గు, ఎముకల వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి వచ్చేదాకా బొగ్గు ముక్కను దాచాల్సిన కారణం పెద్దగా ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు చెవి లోపలి గట్టి ఎముక నుంచి ప్రాచీన డీఎన్ఏ తీస్తున్నారు. కుండ గోడలోకి ఇంకిన కొవ్వును బట్టి అందులో పాలు కాచారో మాంసం వండారో చెబుతున్నారు. ఈ పరీక్షలకు వాడే నమూనాల్లో చాలావరకు కొత్త తవ్వకాలవి కావు, పాత స్టోర్లలో ఉన్నవే. అందువల్ల అన్ని పెంకులనూ కడిగేయడం తెలివైన పని అనిపించుకోదు. కొన్నిటిని మట్టితోనే, చేతులు తగలకుండా, అల్యూమినియం రేకులో చుట్టి పక్కన పెట్టాలి. కడగలేదు అన్న ముక్క కూడా చీటీ మీద రాయాలి, లేకపోతే ఎవరో మంచి మనసుతో కడిగేస్తారు.

మరి అన్నీ దాచగలమా? లేము. ఇంగ్లండ్‌లో 1990 నుంచి ప్రణాళికా నిబంధనలు మారి, కట్టడాలకు ముందు జరిపే తవ్వకాల ఖర్చు ఆ భవనాలు నిర్మించేవారి మీదే పడటంతో తవ్వకాల సంఖ్య విపరీతంగా పెరిగింది. పెట్టెలు వచ్చిపడుతుంటే స్టోర్లు నిండిపోయాయి. 2002లో లండన్‌లో తెరిచిన పురావస్తు ఆర్కైవ్‌లో ఆ ఒక్క నగరంలో జరిగిన వేలాది తవ్వకాల సరుకు ఉంది. 2012లో గిన్నిస్ సంస్థ దాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద పురావస్తు ఆర్కైవ్‌గా గుర్తించింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ మరో దారి వెతుక్కుంది. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ ఉప్పు గనిలో, భూమికి దాదాపు 150 మీటర్ల లోతున, తన పెట్టెలను ఉంచుతోంది. ఉప్పు గుహల్లో ఉష్ణోగ్రతా తేమా ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటాయి, కరెంటు ఖర్చు తక్కువ. కాకపోతే ఒక పరిశోధకుడికి ఒక పెట్టె కావాలంటే గని నుంచి తెప్పించాలి. వాడకం తగ్గితే ఆ సేకరణ ఉందన్న సంగతే మరుగున పడే ప్రమాదం ఉంది.

పారేయడం నేరమేమీ కాదు. ఒకే రకం పైకప్పు పెంకులు టన్నుల కొద్దీ దొరికినప్పుడు తూకం వేసి, కొలతలు తీసి, ఫొటోలు తీసి, తగినన్ని నమూనాలు ఉంచుకుని మిగతావి వదిలేయొచ్చు. ఎంత వదిలారు, ఎందుకు వదిలారు, ఎవరు నిర్ణయించారు అన్నది రాసి ఉంటేనే అది శాస్త్రం. స్టోరులో చోటు చాలక, ఎవరికీ చెప్పకుండా, రిజిస్టరులో ఎక్కించకుండా తీసేస్తే, మిగిలిన సేకరణ చూసి వేసే లెక్కలు కూడా తప్పుతాయి. ఇక్కడ ఈ రకం పెంకులు తక్కువ అని భవిష్యత్తులో ఎవరో రాస్తారు, అవి పారబోతలో పోయాయని తెలియక.

రాతల సంగతికి వస్తే, ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధి కథ అందరికీ తెలిసిందే గానీ దాని ఆర్కైవ్ గురించి తెలిసినవారు తక్కువ. 1922 నవంబరులో సమాధి దొరికాక దాన్ని ఖాళీ చేయడానికి తవ్వకం నడిపిన హోవర్డ్ కార్టర్‌కు పదేళ్లు పట్టింది. ఐదు వేలకు పైగా వస్తువులకు నంబర్లు వేసి, కార్డులు రాసి, బొమ్మలు గీశారు. హ్యారీ బర్టన్ అడుగడుగునా గాజు నెగటివ్‌ల మీద ఫొటోలు తీశారు. కార్టర్ సామాన్య పాఠకుల కోసం పుస్తకాలు రాశారు గానీ పూర్తి శాస్త్రీయ నివేదిక రాయకుండానే 1939లో చనిపోయారు. ఆ కార్డులూ డైరీలూ ఆయన మేనకోడలి ద్వారా ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక పెట్టెలో ఏ వస్తువు మీద ఏ వస్తువు ఉందో ఆ కార్డుల వల్లే తెలుస్తోంది. నివేదిక రాని తవ్వకాలు ప్రపంచమంతటా ఉన్నాయి. రాయాల్సిన మనిషి పోయినా ఇంకొకరు అందుకుని రాయగలిగేలా రికార్డు ఉంచడం తవ్వకందారు కనీస బాధ్యత.

కాగితానికి అగ్గి, నీళ్లు, చెదలు శత్రువులు. డిజిటల్ ఫైలుకు శత్రువు ఉపేక్ష. మంచి కాగితం పట్టించుకోకుండా వదిలేసినా చాలా ఏళ్లు నిలుస్తుంది. ఫైలును పదేళ్లు వదిలేస్తే తెరవడానికి యంత్రం ఉండదు. లండన్‌లోని న్యూహామ్ మ్యూజియం పురావస్తు విభాగం 1990ల చివర మూతపడినప్పుడు, యార్క్ కేంద్రంగా 1996లో మొదలైన ఆర్కియాలజీ డేటా సర్వీస్‌కు 230 ఫ్లాపీ డిస్కులు చేరాయి. వాటిలో ఆరు వేలకు పైగా ఫైళ్లు. కొన్ని ఫైళ్లు పాడయ్యాయి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అంతకంటే చిక్కు, కొన్ని పట్టికల్లోని గుర్తులకు అర్థం రాసినవారికి తప్ప తెలియదు. ఒక నిలువు వరుసలో 3 అని ఉంటే అది మూడు పెంకులా, మూడో రకమా, మూడో దశా? ఆ వివరణ ఒక్క పేజీలో రాసి పెట్టి ఉంటే చాలేది.

ఆ అనుభవం నేర్పిన పద్ధతులు పెద్ద కష్టమైనవి కావు. ఫొటోలను టిఫ్‌లో, పట్టికలను సీఎస్‌వీలో, నివేదికలను పీడీఎఫ్-ఏలో, అంటే ఈ ఫైలు రూపాల్లో ఉంచితే ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడనక్కర్లేదు. కనీసం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) తీసి ఉంచితే, ఒక్క బిట్ మారినా తరువాతి తనిఖీలో పట్టుబడుతుంది. వీటన్నిటితో పాటు ప్రతి గుర్తుకూ అర్థం చెప్పే వివరణ ఫైలు. ఇప్పుడు ఒక్కో ట్రెంచ్‌ను వందల ఫొటోలతో త్రీడీ నమూనాగా మలుస్తున్నారు. తుది నమూనా ఒక్కటే దాచి మూల ఫొటోలు తీసేస్తున్నవారున్నారు. ఇది పెద్ద పొరపాటు. మెరుగైన సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మూల ఫొటోల నుంచి మరింత మంచి నమూనా కట్టవచ్చు. నమూనా నుంచి ఫొటోలు తిరిగి రావు. ఇక క్లౌడ్‌లో ఎక్కించాం కదా అని నిశ్చింతగా ఉండేవారు, ఆ ఖాతా ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరు కడతారు, ఆ ఉద్యోగి వెళ్లిపోతే పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగి చూసుకోవాలి.

రికార్డు విలువ విపత్తులో బాగా తెలుస్తుంది. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియం నుంచి దాదాపు 15,000 వస్తువులు దోపిడీకి గురయ్యాయి. దేశాల సరిహద్దుల్లో పట్టుబడిన వస్తువు ఆ మ్యూజియందే అని నిరూపించాలంటే నంబరు, ఫొటో, రిజిస్టరు కావాలి. అవి ఉన్నవాటి విషయంలో వాదన సులువు. 2018 సెప్టెంబరు 2న రియో డి జెనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. సుమారు 11,500 ఏళ్ల నాటిదిగా లెక్కగట్టిన, లూజియా అని పేరుపెట్టిన స్త్రీ పుర్రె ముక్కలు ఎక్కువ భాగం శిథిలాల్లో దొరికాయి గానీ, ఆ భవనంలోని అనేక సేకరణలకూ పత్రాలకూ ఆ అదృష్టం లేదు. వస్తువులూ వాటి రికార్డులూ ఒకే కప్పు కింద, ఒకే ప్రతిగా ఉంటే రెండూ ఒకే రాత్రి పోగలవు.

న్యాయానికీ రికార్డే ఆధారం. తమ పూర్వీకుల అస్థికలను, వారితో పూడ్చిన వస్తువులను తిరిగి కోరే హక్కు అమెరికాలోని ఆదివాసీ తెగలకు 1990 నాటి చట్టం ఇచ్చింది. దానితో మ్యూజియంలు తమ దగ్గర ఉన్నవాటి జాబితాలు తయారు చేయాల్సి వచ్చింది. ఏ చోటి నుంచి, ఏ తవ్వకంలో వచ్చాయో తెలియని అస్థికలను ఏ సమాజానికి అప్పగించాలి? నంబరు పోగొట్టిన నిర్లక్ష్యానికి మూల్యం ఒక సమాజం చెల్లిస్తోంది. శాస్త్రానికి జరిగిన నష్టం కంటే ఇది పెద్దది.

మ్యూజియం స్టోర్లలోని సేకరణల్లో దాదాపు 60 శాతం ప్రమాదంలో ఉన్నాయని 2011లో జరిపిన అంతర్జాతీయ సర్వే తరువాత సాంస్కృతిక సంపద సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్ హెచ్చరించింది. ఉన్న గదుల్లోనే, ఉన్న సిబ్బందితోనే స్టోరును సర్దుకునే పద్ధతి ఒకటి రూపొందించి అనేక దేశాల్లో నేర్పుతోంది కూడా. నేల మీద పేర్చిన పెట్టెలను అరల్లోకి ఎక్కించడం, ప్రతి అరకూ చిరునామా ఇవ్వడం, ఏ వస్తువు ఏ అరలో ఉందో రిజిస్టరులో రాయడం లాంటి పనులతోనే అది మొదలవుతుంది. డబ్బు కంటే పూనిక ఎక్కువ కావాల్సిన పనులివి.

డబ్బు మాత్రం అక్కర్లేదా అంటే, అక్కరే. తవ్వకం బడ్జెట్‌లో కూలీలకు, పనిముట్లకు, ప్రయాణాలకు లెక్క వేస్తారు. పెట్టెలు, సిలికా జెల్, సంరక్షకుడి జీతం, ఫైళ్ల డిపాజిట్ రుసుము చివరి పంక్తిలో చేరతాయి, డబ్బు చాలకపోతే మొదట తెగేవీ అవే. ఈ వరుస తిరగబడాలి. ఏ మ్యూజియం ఈ సేకరణను తీసుకుంటుంది, ఎన్ని పెట్టెలకు చోటు ఇస్తుంది, ఏ రకం చీటీలు, ఏ ఫైలు రూపాలు కోరుతుంది, తవ్వకం ముగిశాక ఎన్నాళ్లలో అప్పగించాలి అన్నవి మొదటి గడ్డపార దించకముందే రాతపూర్వకంగా ఒప్పందం కావాలి. ఆ ఒప్పందం చూపలేని దరఖాస్తుకు తవ్వకం అనుమతి ఇవ్వకపోవడమే మేలు. భూమిలో ఉన్న వస్తువు ఇంకొన్నాళ్లు ఉండగలదు. నంబరు లేకుండా స్టోరులో పడిన వస్తువుకు ఆ భరోసా లేదు.